రిజిస్టరు చదివే హెచ్ఎం

పాఠశాల నాయకత్వం మీద హనుమకొండలో ఒక సదస్సు జరిగితే ఈ వారం వెళ్లి వచ్చాను. వేదిక నిండా ఆచార్యులు, అధికారులు. ప్రస్తుతం ఒక బడిని నడుపుతున్న హెడ్మాస్టరు మాత్రం ఒక్కరూ లేరు. హెడ్మాస్టర్లంతా తెర మీద శాతాలై కనిపించారు. నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ చల్లారలేదు.

బడి వదిలి చాలాకాలమైనవాళ్లు బడి ఎలా నడపాలో చెప్పకూడదన్నది నా పాత గొడవ. ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. దాంతోపాటే వచ్చే రెండో గొడవ హాజరు రిజిస్టరు. ప్రభుత్వ బడిలో దాన్ని మించిన పరిశోధన గ్రంథం లేదని ఎన్నోసార్లు రాశాను. మన ఉమ్మడి వరంగల్ పల్లెల్లో ఏ బడి రిజిస్టరైనా తీయండి. నవంబరు, డిసెంబరు పేజీల్లో ఏడు, ఎనిమిది తరగతుల ఆడపిల్లల పేర్ల ఎదుట ఖాళీలు పెరుగుతాయి. అది పత్తి ఏరే కాలం. ఫిబ్రవరి దాటితే ములుగు, మహబూబాబాద్ వైపు మిర్చి చేన్లు పిలుస్తాయి. రెండేండ్లకోసారి మాఘ పున్నమికి మేడారం జాతర వస్తే బడి బడంతా ఖాళీ. దీనికి మాత్రం నేను ఎవరినీ తప్పుపట్టను, సమ్మక్క సారలమ్మల దగ్గరికి పోని పిల్లలుంటారా? సదస్సులో ఇలాంటివన్నీ కలిపి ‘గైర్హాజరు’ అని ఒకే గడిలో వేశారు. కూలికి పోయిన పిల్ల, జాతరకు పోయిన పిల్ల, తమ్ముణ్ని ఎత్తుకుని ఇంటి దగ్గర ఆగిపోయిన పిల్ల ఒకటే ఎట్లవుతారు?

టీ విరామంలో పరకాల వైపు నుంచి వచ్చిన ఒక హెచ్ఎం మేడం పలకరించారు. ప్రతి గైర్హాజరు పక్కనా పెన్సిలుతో కారణం రాసుకుంటారట. “ఇన్నేండ్లవి ఉన్నాయి సార్. కానీ వాటితో ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు” అన్నారు. ఆ మాట దగ్గర నా పాత వాదం ఆగిపోయింది.

ఆ మాటకు తెలంగాణ ఉద్యమ సిద్ధాంతకర్త జయశంకర్ సార్ గుర్తొచ్చారు. జూన్ 21 ఆయన వర్ధంతి. పిల్లలను బడిలో చేర్పించే బడిబాట కార్యక్రమానికి ఆయన పేరే పెట్టుకున్నాం. మన ఆత్మకూరు పక్కన అక్కంపేటలో 1934లో పుట్టి, పంతులుగా మొదలై, ఉస్మానియాలో ఆర్థికశాస్త్రంలో పీహెచ్‌డీ చేసి, 1975 నుంచి 79 దాకా వరంగల్ సీకేఎం కళాశాల ప్రిన్సిపాల్‌గా ఉన్నారు.  ఆ తర్వాత సీఫెల్ (ఆంగ్ల, విదేశీ భాషల కేంద్ర సంస్థ) రిజిస్ట్రార్, 1991లో కాకతీయ విశ్వవిద్యాలయం వీసీ. నీళ్లు, నిధులు, ఉద్యోగాల లెక్కలను ఊరి రచ్చబండ మీద అందరికీ అర్థమయ్యేలా చెప్పగలిగారంటే, పాఠం చెప్పిన నాలుక, పరిశోధన నేర్పిన లెక్క రెండూ ఆయన దగ్గర ఉన్నందుకే. బడి గడప దాటకుండా ఉండుంటే ఆ లెక్క ఆయనకు చిక్కేది కాదు. ఆయన సీకేఎంకు వచ్చిన 1975లోనే ఇంగ్లండులో లారెన్స్ స్టెన్‌హౌస్ ఉపాధ్యాయుడే తన తరగతికి పరిశోధకుడు కావాలని పుస్తకం రాశాడు. ఆయనా బడిలో పాఠాలు చెప్పి విశ్వవిద్యాలయానికి వెళ్లినవాడే.

కాబట్టి బడి వదిలి వెళ్లడం మీద నాకిప్పుడు పేచీ లేదు. వెళ్లాలి. పరకాల మేడంకు తన ఊరి రిజిస్టరు తెలుసు, పక్క మండలానిది తెలియదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఏది పంట వల్ల, ఏది ఆడపిల్ల కావడం వల్ల అని విడదీసే విద్య విశ్వవిద్యాలయం దగ్గరే ఉంది. నా పేచీ తిరుగు దారి గురించి. పీహెచ్‌డీ చేసిన టీచరు పైకి, నగరానికి, కుర్చీకి పోతున్నారు. పోనివాళ్ల సిద్ధాంత గ్రంథం గ్రంథాలయం బీరువాలో పడి ఉంటోంది, వాళ్లేమో మధ్యాహ్న భోజనం లెక్కలు, యూడైస్ (బడుల గణాంకాల) వివరాలు నింపుతూ ఉంటారు. బడులను గుంపుగా కలిపి ఒకరినుంచి ఒకరు నేర్చుకునే కాంప్లెక్సులు కావాలని కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది. కాంప్లెక్సులు వచ్చాయి. నేను చూసిన సమావేశాల్లో మాత్రం ఉత్తర్వులు చదవడంతోనే పొద్దు గడిచిపోయింది.

విద్యాశాఖకూ, కాకతీయ విశ్వవిద్యాలయానికీ ఒక విన్నపం. ఈ ఏడాది ఒక్క మండలంతో మొదలుపెట్టండి. పరిశోధన చేయాలనుకునే హెచ్ఎంకు జీతంతో సెలవివ్వండి, ముగించాక అదే మండలానికి పంపండి, కాంప్లెక్సు సమావేశంలో మొదటి గంట ఆ హెచ్ఎంకే ఇవ్వండి. హెచ్ఎంలకూ ఒక మాట: రిజిస్టరులో గైర్హాజరు పక్కన కారణం రాయండి. పెన్సిలుతోనైనా సరే.