పందెము సాక్ష్యము కాదు: అవీ లోబ్ గ్రంథముపై ఒక పరిశీలన

హార్వర్డ్ విశ్వవిద్యాలయ ఖగోళ శాస్త్రజ్ఞులు అవీ లోబ్ 2021లో ‘ఎక్స్‌ట్రాటెరెస్ట్రియల్’ అను గ్రంథమును ప్రచురించారు. 2017 అక్టోబరు 19న హవాయిలోని దూరదర్శినితో కనుగొన్న ‘ఔమువామువా’ మరొక నాగరికత నిర్మించిన సాధనము కావచ్చునని ఇందలి వాదము. హవాయి భాషలో ఆ పేరునకు దూరమునుండి మొదట వచ్చిన దూత అని అర్థము. ‘దూత’ అను మాట వినగానే దానిని ప్రసంగములోనికి తెచ్చుటకు మనము త్వరపడతాము. కనుక ఈ వాదమును నిదానముగా పరీక్షింపవలెనని మేము తలంచుచున్నాము.

ఈ వస్తువునకు తోకచుక్కకు ఉండే తోక కనబడలేదు. అది తిరుగుతుండగా దాని వెలుగు సుమారు 10 రెట్లు మారింది. సూర్యుని ఆకర్షణ ఒక్కటే వివరింపలేని స్వల్ప త్వరణము కూడ కనబడింది. సూర్యకాంతి తోసే పలుచని తెరచాప అయితే ఇది కుదురుతుందని లోబ్ వివరణ. ఇట్టి ప్రశ్నను పరిహసించేవారిని ఆయన మందలించడము న్యాయమే.

అయితే ‘ఔమువామువా పందెము’ అను అధ్యాయములో గ్రంథము బలహీనపడింది. 17వ శతాబ్దపు పాస్కల్ దేవుని గూర్చి చెప్పిన పందెమును అనుసరించి, ఇది కృత్రిమమని పందెము కాస్తే మానవజాతికి లాభమని ఆయన అంటారు. లాభము మనము ఏమి చేయవలెనో చెప్పవచ్చును గాని, ఆ వస్తువు ఏమిటో చెప్పజాలదు. గ్రంథము వెలువడిన తరువాత, అది నైట్రోజను మంచు ముక్క అని 2021లోనే ఒక వివరణ వచ్చింది. నీటి మంచులో చిక్కిన హైడ్రోజను బయటికి రావడమే త్వరణమునకు కారణమని 2023లో మరొకటి వచ్చింది. ఇవి తుది తీర్పులు కావు. అయినను తెలియని చోటు ఎంత త్వరగా నిండగలదో చూపుతాయి.

ఈ వివాదములో అసలు అద్భుతము మరుగున పడింది. 2019లో బొరీసోవ్, 2025 జూలైలో 3ఐ/అట్లాస్ అను తోకచుక్కలు ఇతర నక్షత్ర మండలముల మంచును, ధూళిని మన యొద్దకు తెచ్చాయి. పెద్ద గ్రహముల ఆకర్షణ ఇట్టి ముక్కలను తమ మండలము వెలుపలికి విసరగలదు. అయితే రాకపోకలు వేరు, ఇచ్చిపుచ్చుకొనడము వేరు. నక్షత్రముల మధ్య సెకనుకు సుమారు 26 కిలోమీటర్ల వేగముతో ప్రయాణించిన ఔమువామువా ఇక్కడ ఆగలేదు. జీవబీజములు ఇట్లు వచ్చాయనుకొన్నను, జీవము ఎక్కడ మొదలైందను ప్రశ్న మాత్రమే జరుగుతుంది. ఎట్లు మొదలైందో తెలియదు.

తెలియని చోట నాగరికతను ఉంచిన రచయితను విమర్శించి, అదే చోట దేవుని ఉంచి ప్రసంగించడము మనకు తగదు. రేపు శాస్త్రము ఆ చోటును నింపితే, మన మాట నమ్మిన కళాశాల విద్యార్థి దానితోపాటు సువార్తను కూడ ప్రక్కన పెట్టగలడు. సెమినరీ విద్యార్థులు ఈ గ్రంథమును చదవవలెను. ప్రతి అధ్యాయము చివర ‘ఇది సాక్ష్యమా, పందెమా?’ అని అడుగవలెను. తమ ప్రసంగముల చివరను కూడ అదే ప్రశ్న అడుగవలెను.