ఎడమ జేబు పైన రంగుల వరుస

యూనిఫాంలో ఉన్న తాతగారి పాత ఫొటో చేతికిచ్చి ఎవరైనా మొదట అడిగేది ఒకటే: "ఈయనకు వీరచక్ర వచ్చిందా?" జవాబు చాలాసార్లు ఆ ఫొటోలోనే ఉంటుంది. ఎడమ జేబు పైన, వేలెడు వెడల్పు కూడా లేని రిబ్బన్ల వరుసలో. ఎక్కడి నుంచి చదవాలో తెలియకపోతే మాత్రం వీరచక్ర కళ్లెదుటే ఉన్నా చూపు దాన్ని దాటి వెళ్లిపోతుంది.

అడ్మిరల్ లక్ష్మీనారాయణ్ రాందాస్ సంగతే చూడండి. 1990 నుంచి 1993 దాకా ఆయన మన నౌకాదళాధిపతి. 1971 యుద్ధంలో ఐఎన్‌ఎస్ బియాస్ యుద్ధనౌకను నడిపి, తూర్పు పాకిస్తాన్ రేవుల దిగ్బంధంలో చేసిన పనికి వీరచక్ర అందుకున్నారు. కానీ ఆయన పేరు పక్కన వచ్చే అక్షరాల్లో అది మూడోది. ముందు పీవీఎస్‌ఎం, తర్వాత ఏవీఎస్‌ఎం, ఆ తర్వాతే వీఆర్‌సీ, చివర వీఎస్‌ఎం. పరమ విశిష్ట సేవా పతకం, అతి విశిష్ట సేవా పతకం ప్రాధాన్య క్రమంలో వీరచక్ర కంటే పైన ఉంటాయి. ఛాతీ మీద రిబ్బన్లదీ అదే వరుస. అన్నిటికన్నా పెద్ద పతకం పై వరుసలో, ఛాతీ మధ్యకు దగ్గరగా ఉంటుంది. అంటే చూసేవారికి ఎడమ చివర. అక్కడ మొదలుపెట్టి, పుస్తకం చదివినట్టే కుడికి, ఆపైన కిందికి రావాలి.

రిబ్బన్లు గుర్తుపట్టాలంటే రంగుల కన్నా ముందు చారలు లెక్కపెట్టడం నేర్చుకోవాలి. విశిష్ట సేవా పతకాలు మూడింటికీ బంగారు రంగు పట్టీయే, దాని మీద ముదురు నీలం చారలు. పరమ విశిష్టకు ఒకటి, అతి విశిష్టకు రెండు, విశిష్టకు మూడు. చారలు ఎక్కువ ఉన్నది పెద్దది అనుకుంటే లెక్క తలకిందులవుతుంది. ఆకుపచ్చ పట్టీల్లోనూ అదే పద్ధతి: అశోక చక్రకు కాషాయం చార ఒకటి, కీర్తి చక్రకు రెండు, శౌర్య చక్రకు మూడు. యుద్ధంలో ఇచ్చే పతకాల దారి వేరు. పరమవీర చక్రకు అసలు చారే లేదు, మొత్తం ఊదా. మహావీర చక్ర సగం తెలుపు, సగం కాషాయం. వీరచక్ర సగం ముదురు నీలం, సగం కాషాయం. ఇక నౌసేనా పతకానికి నీలం పట్టీ మధ్యలో సన్నని తెల్ల గీత.

కలర్ ఫొటో అయితే ఇంతవరకూ సులువే. నలుపు తెలుపు ఫొటో దగ్గర భూతద్దం పట్టుకున్న చెయ్యి నెమ్మదిస్తుంది. వెనకటి స్టూడియోలు వాడిన ఆర్థోక్రొమాటిక్ ఫిల్మ్ ఎరుపును పట్టుకోలేదు. అందుకే అందులో ఎరుపు, కాషాయం నల్లబడతాయి, నీలం తెల్లగా తేలిపోతుంది. తర్వాత వచ్చిన పాంక్రొమాటిక్ ఫిల్మ్‌లో నీలం ముదురుగా, కాషాయం లేతగా పడుతుంది. అదే వీరచక్ర ఒక ఫొటోలో ఎడమ సగం నల్లగా, ఇంకోదాంట్లో కుడి సగం నల్లగా కనిపించవచ్చు. పాత ఫిల్మ్ మీద నీలం తెల్లబడితే వీరచక్రను మహావీర చక్ర అని పొరబడే ప్రమాదమూ ఉంది. రంగు మాట మార్చినా, ఎన్ని భాగాలు, ఏది వెడల్పు, ఏది సన్నం అన్న అమరిక మారదు. సాక్ష్యంగా నిలిచేది అదే. ఇంకో జాగ్రత్త: రిబ్బన్లు కుడి ఛాతీ మీద కనిపిస్తే, ప్రింటు వేసేటప్పుడు నెగెటివ్ తిరగబడిందేమో ముందు చూసుకోవాలి.

స్వాతంత్ర్యానికి ముందు తరం ఛాతీ మీద లోకమే వేరు. భారత నౌకాదళానికి మొదటి భారతీయ అధిపతి వైస్ అడ్మిరల్ రామ్‌దాస్ కఠారి చెంగల్పట్టులో పుట్టారు. 1927లో డఫరిన్ శిక్షణ నౌక ఎక్కిన మొదటి బృందంలో ఆయన ఒకరు. 1958లో నౌకాదళాధిపతి అయ్యారు. 1961లో విమానవాహక నౌక విక్రాంత్ నౌకాదళంలో చేరిందీ, గోవా విముక్తి జరిగిందీ ఆయన హయాంలోనే. రిటైరయ్యాక బర్మాలో మన రాయబారిగా, అప్పటి ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీకి ఛైర్మన్‌గా పనిచేశారు. రెండో ప్రపంచ యుద్ధం చూసిన ఆ తరం ఫొటోల్లో తరచూ కనిపించేది 1939–45 స్టార్: ముదురు నీలం, ఎరుపు, లేత నీలం సమానంగా మూడు పట్టీలు. నౌకాదళానికి, సైన్యానికి, వైమానిక దళానికి తలా ఒకటి. బర్మా స్టార్‌కు మధ్యలో వెడల్పాటి ఎరుపు, రెండు పక్కలా నీలం, ఆ నీలాల నడుమ సన్నని నారింజ గీతలు.

రాందాస్ ఈ కఠారి గారి అల్లుడే. 2024 మార్చిలో హైదరాబాద్‌లో కన్నుమూశారు. మామగారిది బ్రిటిష్ రాజు పేర పతకాలు ఇచ్చిన కాలం, అల్లుడిది అశోకుడి సింహాల కాలం. ఒకే కుటుంబంలో రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే దేశం చేతులు మారడం రిబ్బన్లలో కనిపిస్తుంది. ఆ మార్పే ఫొటో కాలాన్నీ చెబుతుంది. టోపీ బిల్ల మీద కిరీటం ఉంటే 1950 జనవరి 26కు ముందుది, సింహాలు ఉంటే తర్వాతది. స్వాతంత్ర్య రజతోత్సవ పతకం ఉంటే 1972కు ముందుది కానే కాదు.

ఫొటో చదివే మనిషికి కష్టమైన ఘడియ ఇంకొకటి ఉంది. వరుస నిండా రంగులున్నా అందులో సాహస పతకం ఒక్కటీ ఉండకపోవచ్చు. తొమ్మిదేళ్ల సర్వీసుకు ఒకటి, ఇరవై ఏళ్లకు ఒకటి, యుద్ధకాలంలో సర్వీసులో ఉన్నందుకు ఒకటి. ఆ మాట చెప్పగానే ఇంటివాళ్ల ముఖాలు చిన్నబోతాయి. చిన్నబోవాల్సిన పనేమీ లేదు. సంగ్రామ్ మెడల్ ఉందంటే 1971 యుద్ధానికి సంబంధించిన విధుల్లో ఆయన ఉన్నట్టు. పూర్వీ స్టార్ ఉందంటే తూర్పు రంగంలో పనిచేసినట్టు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరానికి దగ్గరలో మునిగిన ఆ డిసెంబరులో ఆ మనిషి ఇంట్లో లేడు. రాని పతకాన్ని అంటగట్టడం ఎంత తప్పో, వచ్చిన దాన్ని తీసిపారేయడం అంతే తప్పు.

మా భువనగిరి నుంచి సముద్రం చాలా దూరం. తలెత్తితే కనిపించేది గుట్ట, దాని మీద కోట. అయినా ఈ రంగులు ఈ ప్రాంతానికి పరాయివి కావు. ఒకప్పుడు భువనగిరితో పాటు నల్గొండ జిల్లాలోనే ఉన్న సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు 2020 జూన్‌లో గల్వాన్‌లో ప్రాణాలిచ్చారు. 2021లో ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ప్రకటించారు. ఆ తెలుపు, కాషాయం ఏమిటో ఇక్కడి పిల్లలకు తెలిసి ఉండాలి.

మీ ఇంట్లోనూ అలాంటి ఫొటో ఉంటే ఎండ తగిలే గోడ మీంచి ముందు దింపండి. పగటి వెలుతురులో ఛాతీ భాగాన్ని దగ్గరగా ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. పతకం దొరికితే దాని అంచు చూడండి. చాలా భారతీయ పతకాల మీద నంబరు, పేరు చెక్కి ఉంటాయి. ఆయనను ఎరిగిన పెద్దవాళ్లు ఉండగానే అడిగి పేరు, ఓడ, ఏడాది ఫొటో వెనక పెన్సిల్‌తో రాయండి. ఈ ఆదివారమే రాయండి.