నాజిల్ దగ్గర ధ్యానం

సౌదీ అరేబియాలోని తబూక్ పొలాల్లో నీళ్లు చిమ్మే పైవట్ యంత్రాన్ని కనిపెట్టుకుని ఉండడం చిన్న పని కాదు. గుండ్రటి చేను మధ్య నుంచి పొడవాటి పైపు తిరుగుతుంటే, ఇసుక అడ్డుపడ్డ ఒక్క నాజిల్ చాలు, దాని కింద పైరు వలయంలా పసుపెక్కడానికి. దాన్ని విప్పి, శుభ్రంగా కడిగి, తుంపర సమంగా విచ్చుకుందా అని చూసే శ్రద్ధ నా దృష్టిలో ధ్యానమే. పైగా ఆ తుంపర భూగర్భంలోని సాక్ ఇసుకరాతి పొరల్లో దాగిన వేల ఏళ్లనాటి నీరు. తోడినంత మళ్లీ ఊరదు. 2008 నుంచి సౌదీ ప్రభుత్వం తన రైతుల గోధుమ కొనుగోళ్లు తగ్గించుకుంటూ వచ్చిందీ ఈ తరుగుదల చూసే.

పొట్టకూటి పనికి వేదాంతం అంటగట్టి జీతం మాట మరిపిస్తున్నారా అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే, జీతం నెలనెలా చేతికందాల్సిందే. కానీ నాగలి పట్టాడని మనం చెప్పుకునే పోతనకు భక్తి సేద్యం మానేశాక పుట్టిందని ఎవరూ అనరు కదా. ఈ పొలాల్లోనూ అంతే, పని తెలిసినవాడు కొత్తవాడికి నాజిల్ విప్పడం చూపేటప్పుడు ముందు వాల్వు కట్టేయమంటాడు. చెంబెడు నీళ్లు కూడా ఇసుకపాలు కానివ్వడు.