ఇచ్చిన మాట నుంచి ఉన్న మాటకు: 'ట్రౌథ' పద పరిణామం

మధ్యయుగపు ఇంగ్లీషు రచనలు చదివే విద్యార్థిని తెలియని పదాలకంటే తెలిసినట్లు కనిపించే పదాలే ఎక్కువగా తప్పుదారి పట్టిస్తాయి. తెలియని పదానికి నిఘంటువు చూస్తాం. తెలుసుననుకున్న పదాన్ని నేటి అర్థంతోనే చదువుకుంటూ పోతాం. 'ట్రౌథ' అటువంటి పదం. నేటి 'ట్రూత్' దాని నుంచి వచ్చినదే.

ప్రాచీన ఇంగ్లీషులో ఈ పదానికి విశ్వాసపాత్రత అని అర్థం. ప్రభువు పట్ల సేవకుడు, మిత్రుని పట్ల మిత్రుడు కట్టుబడి ఉండే గుణాన్ని అది తెలిపేది. ఆ కట్టుబాటును నోటితో ప్రకటించే ప్రమాణానికీ అదే పేరు. 14వ శతాబ్దం నాటికి 'వాస్తవం' అనే అర్థం కూడా వాడుకలోకి వచ్చింది. అంటే మనిషికి చెందిన గుణం క్రమంగా మనిషి చెప్పే విషయానికి చెందిన గుణమైంది. తెలుగులో చెప్పాలంటే, 'ఇచ్చిన మాట' 'ఉన్న మాట' అయింది.

ఈ మార్పు జరుగుతున్న కాలంలోనే జెఫ్రీ ఛాసర్ 'కాంటర్‌బరీ కథలు' రచించాడు. అందులోని ఫ్రాంక్లిన్ చెప్పిన కథను పరిశీలిద్దాం. డోరిజెన్ తన భర్త ఆర్వెరేగస్‌కు నమ్మకమైన భార్యగా ఉంటానని 'ట్రౌథ' ఇస్తుంది. అతడు దూరదేశంలో ఉన్నప్పుడు ఔరేలియస్ అనే యువకుడు ఆమె ప్రేమను కోరతాడు. బ్రిటనీ తీరంలోని బండరాళ్ళన్నీ తొలగిస్తే ప్రేమిస్తానని ఆమె పరిహాసంగా అంటుంది. అతడు ఒక పండితునికి వెయ్యి పౌండ్లు ఇస్తానని ఒప్పుకొని, ఆ రాళ్ళు మాయమైనట్లు కనిపించేలా చేయిస్తాడు.

'ట్రౌథ'ను వాస్తవమనే అర్థంలో తీసుకుంటే చిక్కే లేదు: రాళ్ళు నిజంగా తొలగిపోలేదు కనుక షరతు నెరవేరలేదు. కాని కథలో ఎవరూ ఈ వాదన చేయరు. ఇచ్చిన మాటే అందరినీ బంధిస్తుంది. పైగా ఆ మాట భర్తకు ఇచ్చిన మాటతో ఢీకొంటుంది. మనిషి నిలుపుకోవలసినవాటిలో 'ట్రౌథ'ను మించినది లేదని ఆర్వెరేగస్ భార్యను ఔరేలియస్ వద్దకు పంపుతాడు. ఆ వెంటనే కన్నీరు పెట్టుకొని, ఈ సంగతి ఎవరికైనా చెబితే మరణమేనని హెచ్చరిస్తాడు. అంటే ఇచ్చిన మాట నిలవాలి, ఉన్న మాట మాత్రం బయటపడకూడదు! పదంలోని రెండు అర్థాలూ ఇక్కడ ఎదురెదురుగా నిలుస్తాయి. చివరికి ఔరేలియస్ ఆమెను, పండితుడు ఔరేలియస్‌ను బాధ్యత నుంచి విడుదల చేస్తారు. కథ సుఖాంతమే అయినా, ఆ ఆజ్ఞలోని వైరుధ్యం మాత్రం పరిష్కారం కాలేదు. ఆర్వెరేగస్‌ను ఆదర్శపురుషునిగా మాత్రమే చూసే వ్యాఖ్యానం ఈ హెచ్చరికను పట్టించుకోనట్లే.

ఈ మార్పుకు కారణమేమిటి? రిచర్డ్ ఫర్త్ గ్రీన్ 1999లో వెలువరించిన గ్రంథంలో దీనిని న్యాయచరిత్రతో ముడిపెట్టాడు. నోటిమాటకు, ప్రమాణానికి ఉన్న స్థానాన్ని రాతపత్రాలు, రాజన్యాయస్థానాలు ఆక్రమించాయని ఆయన వాదన. పత్రం సాక్ష్యమైనప్పుడు మాట ఇచ్చిన మనిషి నమ్మదగినవాడా అన్న ప్రశ్నకంటే పత్రంలో ఏముంది అన్న ప్రశ్నే ముఖ్యమవుతుంది.

పాత అర్థం పూర్తిగా నశించలేదు. 'ట్రోత్' అనే రూపంలో అది ఆంగ్లికన్ వివాహ ప్రమాణంలోనూ, నిశ్చితార్థాన్ని తెలిపే 'బిట్రోతల్' అనే పదంలోనూ నిలిచి ఉంది.

ఆలోచించండి: డోరిజెన్ పరిహాసంగా అన్న మాటను 'ట్రౌథ'గా పరిగణించవచ్చా? కథలోని సంఘటనల ఆధారంగా మీ అభిప్రాయాన్ని పది వాక్యాల్లో రాయండి.