జీవసంవేదకములు: ప్రచారము, పరీక్ష

సూర్యాపేట జిల్లాలోని ఆత్మకూర్ (ఎస్) మండలము 2016 వరకు నల్లగొండ జిల్లాలో ఉండెను. త్రాగునీటిలోని ఫ్లోరైడు వలన పండ్లు గారపట్టి, ఎముకలు వంగిపోవు ఫ్లోరోసిస్ వ్యాధికి ఆ జిల్లా పేరుపడినది. 1955 లోనే సిద్దిఖీ అను వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నలులో దీనిని వర్ణించినాడు. ఇట్టి ప్రాంతములకు ఒక బొట్టు రక్తముతోనో, మూత్రముతోనో వ్యాధిని తెలుపు చిన్న పరికరము ఎంతో అవసరము. ట్రాన్సిస్టరు జీవసంవేదకములు అట్టివని ప్రచారము కలదు. అందులో నిజమెంత?

సూత్రము సులభము. ట్రాన్సిస్టరులో గేటునకు ఇచ్చు వోల్టేజి విద్యుత్ప్రవాహమును అదుపు చేయును. 1970 లో హాలెండు శాస్త్రజ్ఞుడు బెర్గ్‌వెల్డ్ గేటుపై లోహమును తీసివేసి, అచట ద్రావణమును ఉంచినాడు. ద్రావణములోని అయానుల ఆవేశమే ప్రవాహమును మార్చినది. అచట ప్రతిరక్షకములను పూసినచో, అవి పట్టుకొన్న ప్రోటీను ఆవేశము కూడ అట్లే తెలియవలెను. సిలికానుకు బదులు, ఒకే పరమాణువు మందము గల గ్రాఫీను తరువాత వచ్చినది. 2020 లో దక్షిణ కొరియా శాస్త్రజ్ఞులు దానితో కరోనా వైరసును పసిగట్టిరి.

చిక్కు ఇచ్చటనే ఉన్నది. రక్తములో లవణములు విస్తారము. వాని అయానులు ప్రోటీను చుట్టు మూగి దాని ఆవేశమును కప్పివేయును. ఒక నానోమీటరు దాటిన ఆవేశము గేటునకు దాదాపు తెలియదు. ప్రతిరక్షకము పొడవే సుమారు 10 నానోమీటర్లు. అందుచే పెక్కు ప్రయోగములలో లవణము తగ్గించిన ద్రావణములనే వాడిరి. అచటి సున్నితత్వమును రక్తమునకు అన్వయించుట తగదు. గ్రాఫీను ఎంత మేలైనదైనను ఈ తెరను తానుగా తొలగింపజాలదు. ప్రతిరక్షకములకు బదులు చిన్న గ్రాహకములను వాడుట కొంత దారి చూపినది.

ఫ్లోరైడు సంగతి వేరు. అది చిన్న అయాను గాన గేటుపై పొరను నేరుగా తాకగలదు. 1966 లో ఫ్రాంట్, రాస్ అనువారు లాంథనం ఫ్లోరైడు స్ఫటికముతో ఎలక్ట్రోడును చేసిరి. ఆ పదార్థమునే గేటుపై పొరగా వేయవచ్చును. మూత్రములో ఫ్లోరైడును కొలుచుట వ్యాధి నిర్ణయమునకు, నీటిలో కొలుచుట నివారణకు తోడ్పడును.

అయినను ఇచటను పొరపాటునకు తావు కలదు. నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నము వేసి నీటిని శుద్ధి చేయుదురు. మిగిలిన అల్యూమినియము ఫ్లోరైడును బంధించును. సంవేదకము విడి ఫ్లోరైడునే చూడగలదు. బంధమును విడగొట్టు ద్రవమును కలుపనిచో, లీటరునకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిన నీరు సయితము మంచిదని తేలవచ్చును. ఆ తప్పు పిల్లల ఎముకలకు శాపమగును.

కనుక పదార్థము ఎంత క్రొత్తదను ప్రశ్న రెండవది. ఏ ద్రవములో, ఎంత లవణముతో, దేనితో పోల్చి పరీక్షించిరి అనునది మొదటిది.