వంశచరిత్రమునందు ఛాయాపటముల ప్రామాణ్యము

నెల్లూరు మండల చరిత్రము నెఱుఁగఁగోరువారికి రెండు గ్రంథములు చిరపరిచితములు. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాలశెట్టిగారలు ప్రకటించిన శాసనసంపుటములు మూఁడు. 1909లో థర్‌స్టన్ దొర రంగాచారిగారి తోడ్పాటుతోఁ బ్రకటించిన దక్షిణదేశ కులచరిత్ర సంపుటములు ఏడు. మొదటి గ్రంథమునందు ఆత్మకూరు, ఉదయగిరి మొదలగు తాలూకాల వరుసను శాసనములు కూర్పఁబడినవి. అందు దాతల పేరులును, వారి తండ్రితాతల పేరులును గలవు. ముఖము లెట్టివో తెలియదు. రెండవదానియందు ముఖములు గలవు, పేరులు లేవు. యానాదులు కొయ్యలు మథించి నిప్పు పుట్టించుచున్న పటము అందలిదే. ఆ మనుష్యు లెవరు? వారి బిడ్డ లెవరు? పటము క్రింద యానాదు లనియే యున్నది.

పదమునకు అర్థము జాతియని వాజప్యాయనుఁడును, ద్రవ్యమని వ్యాడియు వాదించిరి. శబ్దవిషయమున ఆ వివాదము సాగుఁగాక. ఛాయాపటమునకు మాత్ర మది చెల్లదు. యంత్రము నెదుట నిలుచునది యెన్నఁడును వ్యక్తియే, జాతి నిలువదు. వ్యక్తిని చిత్రించి క్రింద జాతివాచకమును వ్రాయుట శాస్త్రమున కుపకారమో కాదో గాని, ఒకానొక కుటుంబమునకు దాని తాతను లేకుండఁ జేసినది. శ్రీమంతుల యింటి గోడపై వ్రేలాడు పటమునకు ఇట్టి హాని కలుగలేదు. ఇది యా గ్రంథమున ఉపేక్షింపరాని దోషము.

ఛాయాచిత్రవిద్య 1839లో లోకమునకు వెల్లడి యైనది. ఒంగోలు వాస్తవ్యులగు వెన్నెలకంటి సుబ్బారావుగారు ఆ యేఁటనే గతించిరి. 1873లో అచ్చయిన వారి స్వీయచరిత్రము పటము లేకయే వారి కుటుంబమును మన కెదుట నిలుపుచున్నది. పటము మాట లేక యంతపని చేయఁజాలదు. ఇప్పుడు పెట్టెల యడుగునుండి పాతపటములను దీసి వంశవృక్షములు గూర్చువా రనేకులు ఈ సంగతిని మఱచి, పటమును ప్రత్యక్షప్రమాణముగాఁ గొనుచున్నారు. ప్రత్యక్షమైనది కాగితముమీఁది ఛాయ మాత్రమే. ‘ఈతఁడు మా ముత్తాత’ యనుట అనుమానమో, ఆప్తవాక్యమో కావలెను.

ఆ అనుమానమునకు నియమములు క్రొత్తగాఁ గల్పింప నక్కఱలేదు. నానార్థపదముల నిర్ణయమునకు భర్తృహరి వాక్యపదీయద్వితీయకాండమునఁ జెప్పిన సంసర్గ విప్రయోగ సాహచర్యాదులే చాలును. పటము వెనుక ‘ఆత్మకూరు’ అని యున్న దనుకొందము. నెల్లూరు మండలమున నొక ఆత్మకూరు, పూర్వము కర్నూలు మండలమున నుండి 2022లో నంద్యాల జిల్లాలోఁ జేరినది యొకటి, అనంతపురమున నొకటి, తెలంగాణమున వనపర్తి జిల్లా యందొకటి. ఉదయగిరియు నంతే, ఓడ్రదేశమునను, విదిశాసమీపమునను ఉదయగిరులు గలవు. రెండు పేరు లొక్కచో నున్న యెడల, రామలక్ష్మణు లన్నప్పుడు రాముఁడు దాశరథి యైనట్లు, సాహచర్యమువలన పశ్చిమ నెల్లూరు సీమ యని తేలును. ఆత్మకూరు ప్రక్కన శ్రీశైలయాత్ర ప్రస్తావ మున్నచో నంద్యాల సీమవైపు చూడవలెను.

పటమునందలి చిహ్నములు మఱింత మోసము చేయును. పాతకాలపు గాజుపలకలకు ఎఱుపు సోఁకదు. కుంకుమ నల్లఁబడును, చామనచాయ నొసటిపైఁ గలిసిపోయి కానరాకుండుటయు గలదు. బొట్టు కనఁబడలేదని ఆమెను వితంతువుగా నిర్ణయించి, భర్త మరణకాలమును పదేండ్లు వెనుకకు జరిపినచో, కడుపునఁ బుట్టిన కొడుకు దత్తపుత్త్రుఁ డగును! అట్లే యజ్ఞోపవీతము కుడిభుజముపై నున్నంతనే పితృకార్యసమయ మని యూహింపరాదు. గాజుపలకను తిరగవేసి యచ్చు దీసినను ఎడమ కుడి యగును. పైట యే భుజమున నున్నది, పటములో అక్షరము లున్నచో అవి తిన్నగా నున్నవా యని ముందు చూడవలెను. వెనుక వ్రేలాడు తెరపై వ్రాసిన మేడలు, స్తంభములు చిత్రశాలవాని సొత్తు. ఆ కుటుంబపు టైశ్వర్యమునకు సాక్ష్యము గావు.

ఇటీవల యంత్రమేధచే మాసిన ముఖములను పూరించి రంగులు వేయించుట ప్రబలినది. తాళపత్రమున శిథిలమైన పాదమును పరిష్కర్త తానే పూరించి మూలమని ప్రకటించిన నెవ్వరు సహింతురు? పూరించిన ముఖమును ప్రక్షిప్తమే. మూలపటమును వేఱుగా భద్రపఱుపక యట్టి ప్రతులను బంధువులకుఁ బంచుట అనుచితము.

ఇఁక స్త్రీల విషయము. శాసనములలో వారి పేరు లరుదు. 1858లో నేర్పడిన ఇనాము కమీషను వారి రిజిస్టరులందును మగవారి పేరులే మిక్కిలి. పటములలో మాత్రము స్త్రీలు కుర్చీల వెనుక నిలువఁబడి కనఁబడుదురు. ఆ పటముల వెనుక పురుషులకు పేరును, వారికి ‘అవ్వ’, ‘అత్త’ యనియు వ్రాయుట పరిపాటి. ఇవి సంబంధిశబ్దములు. తల్లియెడ భక్తితో మెలఁగవలెనన్నచో, ఎవరి తల్లి యని చెప్పకున్నను, వినువాఁడు తన తల్లినే గ్రహించునని మహాభాష్యకారుఁ డనెను. ‘అవ్వ’ యను మాటయు నట్టిదే. చదువు ప్రతివానికి తన యవ్వయే తోఁచును. రెండు తరములు గడచిన పిమ్మట ఆ శబ్దమునకు అర్థము మాఱును. కావున ముందుగాఁ దేల్పవలసినది పటములోని స్త్రీ యెవరని కాదు, ఆ మాట వ్రాసిన దెవరని. ఇంటిలోని పాత యుత్తరములు, పెండ్లి జాబితాలు, పద్దుపుస్తకములు దెచ్చి ఆ దస్తూరితో సరిచూడవలెను. దస్తూరి నెఱిఁగిన ముసలివా రింకను ఇంట నున్నప్పుడే యా పని జరుగవలెను.