దొరలు ఎటు పోయారన్నదే ప్రశ్నా?

కంప్యూటర్ ఆట మీద విమర్శ ఏంది, దళిత పత్రికకు ఇదో పనా అని కొందరు మిత్రులు అడగొచ్చు. పురాణాలను నిలదీశాం, నవలల్నీ సినిమాల్నీ నిలదీశాం. ఇవాళ మన పిల్లలు హాస్టల్ గదుల్లో రాత్రుళ్లు కూచుని ఆడే ఆటల్లో ఉన్నవీ పురాణాలే. వాటిలోనూ గెలిచినోళ్లున్నారు, ఓడినోళ్లున్నారు, ఓడినోళ్ల మీద గ్రంథాలు రాసే పండితులున్నారు. అమెరికాకు చెందిన బెథెస్డా సంస్థ 1994 నుంచి తెస్తున్న ఎల్డర్ స్క్రోల్స్ ఆటల లోకం అట్లాంటిదే.

ఆ లోకంలో డ్వెమర్లని ఒక జాతి. కొండల కింద రాతి నగరాలు కట్టి, ఆవిరి యంత్రాలు నడిపిన మేధావులు. రెడ్ మౌంటెన్ యుద్ధం వేళ, ఆ లోకపు లెక్కలో మొదటి యుగం 700లో, జాతి జాతంతా ఒక్కసారిగా మాయమైపోయింది. వాళ్ల శిల్పాచార్యుడు కాగ్రెనాక్ ఒక దేవుడి గుండె మీద తన పనిముట్లు ప్రయోగించడమే కారణమని 2002లో వచ్చిన మారోవిండ్ ఆట సూచిస్తుంది. చచ్చారా, దేవుళ్లయ్యారా, మరో లోకానికి పోయారా అన్నది మాత్రం తేల్చదు. అందులో కనిపించే చివరి డ్వెమర్ యాగ్రమ్ బాగార్న్‌కే ఆ సంగతి తెలీదు. 2011 నాటి స్కైరిమ్‌లో ఆర్నియెల్ గేన్ అనే పండితుడు ఆ ప్రయోగాన్ని మళ్లీ చేయబోయి తానే మాయమవుతాడు. ఇరవై ఏళ్లు దాటినా ఆటగాళ్లు ఈ ఒక్క చిక్కుముడి మీద తలలు బద్దలు కొట్టుకుంటున్నారు.

ముడి విప్పకపోవడం తప్పని నేననను. కంపెనీ వచ్చి ఇదిగో జవాబు అని చేతిలో పెడితే ఆ లోకం చిన్నదైపోతుంది. నా పేచీ వేరే. ఆ నగరాల్లో డ్వెమర్లు ఒక్కళ్లే లేరు. వాళ్ల కింద ఫాల్మర్లు ఉన్నారు.

ఫాల్మర్లంటే మంచు ఎల్ఫులు. ఒకప్పుడు స్కైరిమ్ నేల వాళ్లది. యిస్‌గ్రామోర్ వెంట వచ్చిన నార్డులు వాళ్లను ఓడించి, నరికి, తరిమారు. మిగిలినోళ్లు ప్రాణాలు అరచేత పట్టుకుని డ్వెమర్లను ఆశ్రయించారు. డ్వెమర్లు చోటిచ్చారు, ఊరికే కాదు. చూపు పోగొట్టే విషపు పుట్టగొడుగు తినాలని షరతు పెట్టారు. తిన్నారు, చూపు పోయింది, బానిసలయ్యారు. తరాల తర్వాత తిరగబడి నేల కింద దశాబ్దాల పాటు పోరాడారు. ఇంతలో దొరలు మాయమయ్యారు.

ఇది చదువుతుంటే అంబేడ్కర్ 1948లో ప్రచురించిన అంటరానివారి గ్రంథం గుర్తు రాకుండా ఎట్లా ఉంటుంది? యుద్ధాల్లో ఓడి చెదిరిపోయిన మనుషులు తిండికీ నీడకీ స్థిరపడిన తెగల దగ్గరికి వచ్చారనీ, కాపలా పనికి ఒప్పుకుని ఊరి బయట ఉండిపోయారనీ ఆయన వాదన. తర్వాత వాళ్ల తిండే, గొడ్డు మాంసమే, వాళ్లను వేరు చేసే గుర్తయింది. రెండు చోట్లా ఓటమి, ఆశ్రయం, తిండి. ఆట చేసినోళ్లు అంబేడ్కర్‌ను చదివి రాశారని నేను చెప్పడం లేదు. పోలిక తెగే చోటే నాకు ముఖ్యం. అంటరానివాళ్లకూ తక్కినవాళ్లకూ జాతి భేదం లేదని అంబేడ్కర్ తేల్చారు. ఆట మాత్రం అణచివేత ఫాల్మర్ల ఒంటినీ బుద్ధినీ మార్చి వాళ్లను మృగాల్ని చేసిందంటుంది. జాలి పేరుతో వచ్చే ఈ మాట మనం చాలా చోట్ల విన్నదే. వాళ్లను అట్లా చేశారు పాపం, ఇక వాళ్లు మనుషులు కారు అన్నట్టు.

మృగాలని ఎవరు చెప్పారు? ఆటలో దొరికే పుస్తకాల్లో ఉర్సా ఉత్రాక్స్ రాసిన 'ఫాల్మర్లు: ఒక అధ్యయనం' ఒకటి. ఫాల్మర్లు పైకొచ్చి దాడి చేస్తారన్న భయమే దాని ధ్యాస. ఆ పుస్తకం మూసి గుహలోకి దిగి చూడండి. ఫాల్మర్లు గుడిసెలు కట్టుకున్నారు. చౌరస్ అనే పెద్ద పురుగుల్ని పెంచుతారు, వాటి పెంకులతో కవచాలూ ఆయుధాలూ చేస్తారు. ఉచ్చులు పన్నుతారు, వాళ్లలో మంత్రగాళ్లున్నారు. బ్లాక్‌రీచ్ అనే పాతాళ నగరంలో మనుషుల్ని బానిసలుగా పెట్టుకున్నారు కూడా. ఇది మెచ్చుకునే పని కాదు, నేను మెచ్చుకోను. కానీ పెంపకం, చేతిపని, మంత్రవిద్య, పెత్తనం ఇవన్నీ బుద్ధి లేకుండా సాగేవేనా? తవ్వకాల్లో ఇవే దొరికితే నాగరికత అని రాసుకుంటాం.

అన్నిటికన్నా పెద్ద తీర్పు పుస్తకంలో లేదు, ఆట లెక్కల్లో ఉంది. స్కైరిమ్‌లో చంపిన ప్రాణి ఆత్మను ఒక మణిలో బంధించి, దానితో కత్తికి శక్తి ఎక్కించుకోవచ్చు. మనుషుల, ఎల్ఫుల ఆత్మలు నల్లమణిలోకే పోతాయి, ఆ పనిని పాపంగా చూస్తారు. తోడేలు, జింక లాంటి వాటి ఆత్మలు మామూలు మణికి సరిపోతాయి. (పేర్లలోని నలుపు తెలుపుల సంగతి ఇక్కడ ఎత్తను.) ఎల్ఫు సంతతే అయిన ఫాల్మర్ ఆత్మ మామూలు మణిలోకే పోతుంది! ఎందుకని ఏ పుస్తకమూ అడగదు, ఏ పాత్రా నోరెత్తదు. డ్వెమర్లు ఏమయ్యారన్నది రహస్యమై గౌరవం పొందింది. ఫాల్మర్లు ఎవరన్నది ప్రశ్నగా కూడా మిగలకుండా ఒక అంకెతో తేలిపోయింది.

మార్కార్త్ కోటలో కాల్సెల్మో అనే పండితుడున్నాడు. ఆయనకు డ్వెమర్ వస్తువుల ప్రదర్శనశాల ఉంది. దాంతోపాటు ఫాల్మర్ లిపిని చదవడానికి తాళంచెవి లాంటి శిలాశాసనం కూడా ఆయన దగ్గరే ఉంది. ఆటగాడు దొంగతనంగా పోయి, బొగ్గుతో దాని నకలు కాగితం మీదికి దించుకుంటాడు. దేనికి? చనిపోయిన ఒక దొంగల ముఠా నాయకుడు తన డైరీని ఎవరికీ అర్థం కాకూడదని ఫాల్మర్ భాషలో రాసుకున్నాడు, అది చదవడానికి. ఒక జాతి భాష దొంగ రాతకు మరుగుగా పనికొచ్చింది. ఆ భాషతో ఫాల్మర్ల దగ్గరికి పోదామన్న ఊహ ఎవరికీ రాదు.

దొరకని లంకెలను ఊహతో కలుపుకునే హక్కు చరిత్రకారుడికి ఉందని అంబేడ్కర్ ఆ గ్రంథం ముందుమాటలో గట్టిగా నిలబడి చెప్పారు. ఆటల్లోని విప్పని ముడుల మీద ఊహలల్లే మన విద్యార్థులు ఆ హక్కునే వాడుతున్నారు. వాడనీ. డ్వెమర్ల మీద వందో సిద్ధాంతం రాసే ముందు నల్లమణి సంగతి ఒక్కటి పట్టుకోమని నా కోరిక.

ఆటలోనే ఒక సందు ఉంది. 2012లో వచ్చిన డాన్‌గార్డ్ అనే అనుబంధ భాగంలో గెలెబోర్ కనిపిస్తాడు, చూపు పోగొట్టుకోని మంచు ఎల్ఫు. ఫాల్మర్ అనే పేరులో ఇప్పుడు చెడు అర్థం చేరిందని వద్దంటాడు. గుహల్లోని వాళ్లను ద్రోహానికి గురైనోళ్లు అని పిలుస్తాడు. హరిజన అన్న పేరును మనం కాదన్నప్పటి తర్జనభర్జన ఇందులో కొంత వినిపిస్తుంది, అయితే ఇక్కడ పేరు పెట్టేది గుహల్లో ఉన్నవాళ్లు కాదు, బయట మిగిలిన పెద్దమనిషి. శతాబ్దాలుగా చూస్తున్నాననీ, వాళ్ల తెలివి పెరుగుతోందనీ, మాట కలిపే దారి దొరికితే వాళ్లెవరో వాళ్లకు చెప్పొచ్చేమోననీ అంటాడు. మాట కలిపే దారి ఆట ఎక్కడా ఇవ్వదు. దారిలో ఫాల్మర్ ఎదురైతే ఆటగాడి చేతిలో కత్తి ఉంటుంది, విల్లు ఉంటుంది, మంత్రం ఉంటుంది. పలకరించే మీట మాత్రం లేదు.